రాఘవమ్మ తీయించిన పాతర

రాఘవమ్మ పిన్నికి మొగుడంటే ఎంత ప్రాణమో ఊరందరికీ తెలుసు, ఒక్క ఆయనకి తప్ప. వెంకటరత్నం గారికి ఊరంటే ప్రాణం, పార్టీ అంటే ప్రాణం, వీధిన పోయేవాడెవడైనా కష్టమని చెప్పుకుంటే వాడంటే ప్రాణం. ఇంట్లో మనిషి ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా అని ఆయన ధీమా. మంచివాణ్ణి కట్టుకున్న ఆడదాని కష్టం ఇలాగే ఉంటుంది. తిట్టడానికి కారణం దొరకదు, పొగడడానికి మనసు రాదు.

నేను వాళ్ళింట్లో అయిదేళ్ళు అద్దెకున్నాను. 1961లో టీచరు ఉద్యోగం వచ్చి, జి.కొండూరు నుంచి రేకు పెట్టె పట్టుకుని ఆ ఊళ్ళో దిగాను. జగ్గయ్యపేటకు నాలుగు మైళ్ళ దూరం, వేదాద్రి వెళ్ళే దారికి కాస్త పక్కగా ఉంటుంది. ఇరవై ఏళ్ళ క్రైస్తవుల పిల్లని, ఒంటరిదాన్ని. పెద్ద బజారులో గది అడిగితే ఖాళీలు లేవన్నారు. తాళం వేసిన గదులు నా కళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయి. వెంకటరత్నం గారు మాత్రం పెట్టె తనే అందుకుని లోపల పెట్టించారు. నేను అలవాటు కొద్దీ "అమ్మగారూ" అంటే రాఘవమ్మ గారు నవ్వి, ఈ ఇంట్లో అమ్మగార్లు లేరు, పిన్నీ అను చాలంది. అప్పటినుంచి ఆవిడ పిన్ని, ఆయన బాబాయి.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆరెకరాల మెట్ట, ఒక గేదె, పాలేరు బాలస్వామి, దొడ్లో చొప్పవామి పక్కన ఒక జొన్నపాతర. మా మెట్ట ఊళ్ళలో ఆ రోజుల్లో జొన్నలు గోతిలో దాచేవాళ్ళు. నిలువెత్తుకు పైగా గొయ్యి తవ్వి, లోపల గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూతి మూసేస్తే ఏడాదైనా, రెండేళ్ళయినా చెడవు. తీసినప్పుడు మాత్రం జాగ్రత్త. మూసిన పాతరలో గాలి విషం. ముందు బుడ్డిదీపాన్ని తాడు కట్టి దించాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. దీపం నిలబడితే దిగొచ్చు.

పిన్ని కాపరానికీ ఈ పాతరకూ ఉన్న సంబంధం నేను చేరిన ఆర్నెల్లకు తెలిసింది. ఒకరోజు ఆవిడ దొడ్లో చింతపండు గింజలు తీస్తూ, ఏదో కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పింది. 1950లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండేది. పోలీసులు ఊళ్ళ మీద పడి, దొరికినవాణ్ణి దొరికినచోట కొట్టేవాళ్ళు. కొందరిని కాల్చేశారు కూడా. అప్పుడు బాబాయిని పాతరలో దాచింది. పాత జొన్నలు తీసేశారు, కొత్తవి ఇంకా కల్లానికి రాలేదు. ఆ మధ్యలో దొరికిన ఖాళీ అది. పొద్దున్నే దీపం దించి చూసుకుని, చేంతాడుకు కట్టిన తట్టలో అన్నం దించేది. తర్వాత గోతి పక్కనే చేట పెట్టుకుని కూర్చునేది. చూసేవాళ్ళకు పప్పు ఏరుకుంటున్నట్టు. ఆవిడ పైనుంచి మాట్లాడేది, ఆయన కిందనుంచి పలికేవాడు. దీపం వెలుగులో పాత పేపర్లు పైకి చదివి వినిపించేవాడు.

"నలభై రెండు రోజులు," అంది పిన్ని. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన వరసగా ఇంటిపట్టున ఉన్నది ఆ నలభై రెండు రోజులే. నేను చెప్పేదంతా విన్నారు. వినక ఎక్కడికి పోతారు?"

పోలీసులకు మనసులో దణ్ణం పెట్టుకున్న కమ్యూనిస్టు పెళ్ళాం జిల్లా మొత్తం మీద ఈవిడ ఒక్కతే అయి ఉంటుంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కొత్త జొన్నలు వచ్చాక పాతర నింపకపోతే ఊళ్ళో అనుమానిస్తారని ఆయన ఏరు దాటి ఎటో వెళ్ళిపోయాడట. ఏడాది పైన తిరిగొచ్చాడు. ఆ జొన్నల మీద తనకు ఇప్పటికీ కోపమేనంది. ఆ ఏడు పంట బాగా పండడం కూడా ఆవిడకు కోపమే.

1962 దసరాలు వెళ్ళీ వెళ్ళకముందే చైనాతో యుద్ధం వచ్చింది. రేడియో ఉన్న అరుగు దగ్గర జనం ఈగల్లా ముసిరేవాళ్ళు. మా స్కూలు పిల్లల్ని వరసలు కట్టించి, జెండాలిచ్చి, నినాదాలు చెప్పిస్తూ ఊరేగించడం నా పని. ఇష్టంగానే చేశాను. మంచు కొండల్లో మన కుర్రాళ్ళు పలచటి చొక్కాలతో పోరాడుతున్నారని పేపర్లో చదివి ఏడ్చినదాన్ని నేను. కానీ మా ఇంటి ముందుకు వచ్చేసరికి నా గొంతు తగ్గేది. ఎందుకంటే చైనా పేరు చెబితే ఊళ్ళో అందరూ మా బాబాయి వైపు చూసేవాళ్ళు. మొన్నటిదాకా ఆ దేశం గురించి ఆయన కథలు కథలుగా చెప్పేవాడు మరి. పిన్నికి చైనా ఎక్కడుందో తెలియదు. రాజమండ్రి కంటే దూరమా అని నన్ను ఒకసారి అడిగింది.

జగ్గయ్యపేటలో రక్షణ నిధికి పెద్ద సభ పెట్టారు. బాబాయిని ఎవరూ పిలవలేదు, ఆయనే వెళ్ళి మైకు అడిగి తీసుకున్నాడు. జవాన్లు మన పిల్లలు, నా వంతుగా పది బస్తాల జొన్నలిస్తున్నానన్నాడు. చప్పట్లు కొట్టారు. అక్కడితో దిగితే ఆయన వెంకటరత్నం ఎందుకవుతాడు?

"ఇంకొక్క మాట," అన్నాడు. "పొలం గట్టు తగాదాలో తలలు పగిలాక కూడా చివరికి పెద్దమనుషుల దగ్గర కూర్చోవాల్సిందే. ఆ కూర్చునేదేదో ముందే కూర్చుంటే పిల్లలు మిగులుతారు. ఈ మాట చైనా వాడికీ చెబుతా, మనవాళ్ళకీ చెబుతా."

మొదటి మాటకు కొట్టిన చేతులే రెండో మాటకు చెప్పు విసిరాయి. చైనా వాడు, ద్రోహి అని అరిచారు. చొక్కా చిరిగింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక నేనే ఉండబట్టలేక, బాబాయిగారూ, ఈ సమయంలో ఆ మాట అవసరమా అని అడిగాను. నిజం చెప్పాలంటే నాకూ కోపంగానే ఉంది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఇల్లు తనదనుకున్నవాడే కప్పు కారుతోందని చెబుతాడు, అద్దెకున్నవాడు చెప్పడు అన్నాడు. తర్వాత నా వైపు చూసి, నిన్ను అనలేదులే అని నవ్వాడు. పిన్ని ఈ మాటలేవీ వినలేదు. చిరిగిన చొక్కాని వెలుతురుకు పెట్టి చూస్తోంది.

నాలుగు రోజుల తర్వాత కృష్ణయ్య గారు వచ్చారు. ఆయన ఊరి ప్రెసిడెంటు, కాంగ్రెసు మనిషి, పిన్నికి పెదనాన్న కొడుకు. పార్టీలు వేరైనా చెల్లెలి మీద మమకారం ఉన్నవాడు. బాబాయి అప్పుడు పార్టీ మీటింగని నందిగామ వెళ్ళి రెండు రోజులైంది. కృష్ణయ్య గారు గొంతు తగ్గించి, పోలీసులు పేర్లు రాస్తున్నారమ్మా అన్నాడు. బావ పేరు అడుగున పెన్సిలుతో ఉందనీ, అమాయకుడు, నోటి దురుసే తప్ప ఇంకేం లేదని తను ఇన్‌స్పెక్టరుకు చెప్పాననీ, ఆ పేరు చెరిపేసేలాగే ఉన్నారనీ, బావని కాస్త నోరు కట్టుకోమనమనీ చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఇన్ని మాటల్లో పిన్ని చెవికి ఎక్కింది ఒకటే, పేర్లు రాస్తున్నారని. ఆ మధ్యాహ్నమే బాలస్వామిని పిలిచి పాతర తీయమంది.

మెట్ట ఊళ్ళో పుట్టిన మనిషి చేయకూడని తప్పు అది. పాతర తీయడానికి ఒక అదను ఉంటుంది. కార్తీకంలో, గాలిలో చెమ్మ ఉండగా ఎవరూ తీయరు. తీస్తే పూర్తిగా తీసెయ్యాలి, సగం తీసి మూయడం కుదరదు. తీసిన జొన్నలు మళ్ళీ లోపల పోయడానికి అసలే పనికిరావు. అన్నిటికంటే ముఖ్యం, పాతర తీస్తే దాచలేం. పాతర జొన్నకు ఒక వాసన ఉంటుంది. పులిసిన పిండి, తడిమట్టి, మాగిన గడ్డి కలిసిన ఘాటు. మూతి తీసిన గంటలో వీధంతా పాకుతుంది. మూడు వీధుల అవతల కూర్చున్న ముసలాళ్ళు కూడా ముక్కెగరేసి, ఎవరో పాతర తీశారే అంటారు. రహస్యంగా పాతర తీయడమంటే పందిరి వేసి పెళ్ళి దాచడమే.

ఇదంతా పిన్నికి నాకంటే బాగా తెలుసు. బాలస్వామి చెప్పాడు కూడా, అమ్మా, ఇది అదను కాదు అని. ఆవిడ వినలేదు. సాయంత్రానికి ఇరవై బస్తాలు వసారాలో నిలబడ్డాయి. ఎదురింటి బసవమ్మ వచ్చి ఏంటొదినా ఇప్పుడు తీశారంటే, నెమ్ము తగిలిందని చెప్పింది. నాకూ అదే చెప్పింది. మర్నాడు బాబాయి వస్తే, అన్నయ్య వచ్చి వెళ్ళాడనీ, పాతరకు నెమ్ము తగిలిందనీ చెప్పింది. ఇంట్లో సంగతులు ఎప్పుడు పట్టించుకున్నాడు గనక? అలాగా అని కాళ్ళు కడుక్కున్నాడు.

ఆయన వచ్చిన మర్నాడు పొద్దున పోలీసులు వచ్చారు. అంతకు ముందు రోజే అక్కడ యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు. అక్కడ తుపాకులు ఆగాక ఇక్కడ జీపులు బయల్దేరాయి. పేట బజారులో ఎవరో, ద్రోహి ఇంట్లో అదను కాని అదనులో గొయ్యి తీశారట అన్నారట. అది చాలింది. తుపాకులున్నాయో, చైనా రేడియో ఉందో అని నలుగురు కానిస్టేబుళ్ళు దొడ్లోకి పోయి పాతరలో దిగారు.

లోపల దొరికినవి నేను చూశాను. ఒక కొత్త ఈతచాప. నీళ్ళకుండ, మూత మీద గ్లాసు. బుడ్డిదీపం, అగ్గిపెట్టె. ఉతికి మడతపెట్టిన రెండు చొక్కాలు, అందులో ఒకటి ఆ చిరిగినదే, చిరుగు కనబడకుండా కుట్టింది. నా గదిలోంచి ఎప్పుడు తీసిందో, ఓ మోపు పాత పేపర్లు. ఇన్‌స్పెక్టరు అవన్నీ గట్టు మీద పరిపించి, పారిపోయి దాక్కోడానికి ఇంత ఏర్పాటు చేసుకున్నవాడు అమాయకుడా అన్నాడు. కృష్ణయ్య గారు పరుగున వచ్చి ఏదో చెప్పబోయాడు. ఆయన మాటకు విలువ లేకుండా పోయింది. పెన్సిలు పేరు సిరా పేరు అయింది.

బాబాయి ఆ సామాను వైపే చూస్తున్నాడు. ఆయనా అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు మరి. కృష్ణయ్య గారి వైపు ఒకసారి, పిన్ని వైపు ఒకసారి చూశాడు. జీపు ఎక్కబోతూ ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఈ పని చెయ్యమని నీకు ఎవరు చెప్పారు?"

పిన్ని నోరు తెరిచింది. జీపు వెళ్ళిపోయింది. వీధంతా ఇంకా ఆ జొన్నల వాసనే.

అప్పటినుంచి పదకొండు నెలలు ఆ ఇల్లు నేను చూశాను. ఎవరైనా చనిపోతే ఏడుస్తాం, పది రోజులకు లేస్తాం. ఇది అలాంటిది కాదు. సాయంత్రం నందిగామ బస్సు వచ్చే వేళకు పిన్ని గేదెను తోలుకుని రోడ్డు దాకా వెళ్ళేది. గేదెకు మేత దొడ్లోనే ఉంది. అయినా వెళ్ళేది. రోజూ నాచేత పేపరు చదివించుకునేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పక్కన కూర్చుని వినేది. నా చదువు ఆవిడకు ఆనలేదు. నువ్వు గబగబా చదువుతావు, ఆయన ఆగి ఆగి చదివేవాడు అనేది. పాతర మూతి మూయించమని బాలస్వామి ఎన్నిసార్లు చెప్పినా మూయించలేదు. వానాకాలంలో అంచులు విరిగి లోపల పడ్డాయి. నన్ను రెండుసార్లు అడిగింది, నేను తియ్యకపోతే ఆయన ఇంట్లోనే ఉండేవారు కదూ అని. మొదటిసారి అబద్ధం చెప్పాను. రెండోసారి పేపరు అందుకున్నాను.

వసారాలో జొన్నలున్నాయి. ఆయన సభలో ఇస్తానన్న పది బస్తాలు ఇచ్చి తీరాలంది. పేటలో నిధి వసూలు చేసేవాళ్ళు జైలుకెళ్ళిన మనిషి గింజ ముట్టం అన్నారు. పిన్ని బాలస్వామిని బండి కట్టమని ఏకంగా నందిగామ తీసుకెళ్ళింది. అక్కడ తాలూకా అంతటికీ కలిపి సభ. దాతల పేర్లు మైకులో చదువుతారు. చదివేది నేను. గొంతు బాగుంటుందని మా పైవాళ్ళు నన్ను పెట్టారు. పిన్ని అక్కడి గుమాస్తాతో, నా పేరు వద్దు, మా ఆయన పేరు రాయండి, ఇస్తానన్నది ఆయన అని గంటసేపు పట్టుబట్టి రాయించింది. జొన్నలకు పార్టీ లేదు కనుక దించుకున్నారు. తర్వాత ఆ కాగితం నా చేతికిస్తూ గుమాస్తా మెల్లిగా, పదిహేనో పేరు చూసుకుని చదవండి టీచరుగారూ, మీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదుగా అన్నాడు.

పిన్ని ముందు వరసలో నేల మీద కూర్చుంది. తల కాస్త పక్కకు వంచి, చెవి నా వైపు పెట్టింది. పద్నాలుగు పేర్లు చదివాను. పదిహేనో దగ్గర ఆగాను. ఆవిడ మొహం చూశాను. చూసి పదహారో పేరు చదివాను.

ఇన్నేళ్ళలో చాలా పేర్లు చదివాను, పిల్లల హాజరు ముప్ఫయ్యేళ్ళు పిలిచాను. ఆ ఒక్క పేరు చదవకపోవడం నాకు ఇప్పటికీ సిగ్గు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో నేను ఏడిస్తే, ఆవిడే నా వీపు మీద చెయ్యి వేసింది. ఊరుకో తల్లీ, నీ ఉద్యోగం కూడా పోతే నాకు ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి ఉండదు అంది. కాసేపటికి మళ్ళీ, ఆ పేరు మైకులో వింటే ఆయన అక్కడెక్కడో ఉన్నట్టుండేది, అంతే అంది.

ఆయన రాజమండ్రి జైల్లో ఉన్నాడు. వేసవిలో చూడ్డానికి అనుమతి దొరికితే నేనే తోడు వెళ్ళాను. దారి పొడుగునా పిన్ని తను చెప్పాల్సిన మాట పెదాల మీద నూరుకుంటూనే ఉంది. ఎవరూ చెప్పలేదండీ, నాకు నేనే తీయించా. మీరు ఇంట్లో ఉంటారని. రైల్లో నాకు రెండుసార్లు పాఠంలా ఒప్పచెప్పింది. తీరా అక్కడ బల్లకు ఆ వైపు ఆయన, ఈ వైపు మేము, మధ్యలో ఒక ఆఫీసరు. ప్రతి మాటా వింటూ కూర్చున్నాడు. బాబాయి చిక్కిపోయాడు. ఆవిడ ఆయన మెడ వైపు చూస్తూ, గేదె ఈనింది, దూడ ఎర్రగా ఉంది, పాలు చేపడం లేదు అని మొదలుపెట్టింది. పావుగంటా గేదె సంగతే. నాకు ఒళ్ళు మండిపోయింది. టైమయిందని లేచాక బాబాయి, దూడని ముందు వదిలి చూడు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు నేను తిట్టాను కూడా. ఆ ఆఫీసరు ముందు మీ కోసం తీయించానని ఎలా చెప్పనే, సిగ్గెయ్యదూ అంది.

పదమూడో ఏట పెళ్ళయి, నలభై దాటిన మనిషికి మొగుడితో ఆ మాట చెప్పడానికి సిగ్గు.

1963 అక్టోబరులో బాబాయి వచ్చాడు. ఇంటికి చేరిన గంటకే కృష్ణయ్య గారు అరటిపళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బాబాయి కుర్చీలోంచి లేవలేదు. మొహం గోడవైపు తిప్పుకుని, నా పెళ్ళాన్ని బెదరగొట్టి నాకు గొయ్యి తీయించినవాడితో నాకు మాటలేంటి అన్నాడు. పదకొండు నెలలూ ఆ లెక్కలోనే ఉన్నాడన్నమాట. కృష్ణయ్య వచ్చి వెళ్ళిన రోజే పాతర తీశారు, కనక తీయించింది అతనే. కృష్ణయ్య గారి మొహం పాలిపోయింది. పళ్ళు అరుగు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

పిన్ని వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అన్నయ్య చెప్పలేదండీ. ఎవరూ చెప్పలేదు. అప్పుడు నలభై రెండు రోజులున్నారు కదా. మళ్ళీ అలా ఉంటారని తీయించా."

అన్నగారి ముందూ, అద్దెకున్న పంతులమ్మ ముందూ అనేసింది. అనేసి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. బాబాయి లేచి దొడ్లోకి వెళ్ళి, విరిగిన పాతర అంచున నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే తనే కృష్ణయ్య గారింటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చాడు. పిన్నితో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. ఈ మగవాళ్ళకు వెయ్యిమంది ముందు మైకులో మాట్లాడడం వస్తుంది.

మాట్లాడలేదు గానీ ఒక పని చేశాడు. తర్వాతి వేసవిలో బాలస్వామిని వెంటబెట్టుకుని పాతర బాగుచేశాడు. మట్టి ఎత్తి, అంచులు కట్టి, గోడలు అలికించి, గడ్డి పేర్పించాడు. జొన్నలు కల్లం నుంచి వచ్చాయి. వాటిని గాదెలో పోయించి పాతర ఖాళీగా వదిలేశాడు. పిన్ని ఎందుకని అడిగితే, ఈ ఏడు జొన్నలు తక్కువ అన్నాడు. ఆ ఏడు జొన్నలు తక్కువేం కాదు.

యుద్ధం ఆగి రెండేళ్ళయినా యుద్ధం నాటి చట్టం ఆగలేదు. 1964 డిసెంబరు ఆఖర్లో మళ్ళీ అరెస్టులు మొదలయ్యాయి. ఈలోగా పార్టీ రెండు ముక్కలైంది, బాబాయి ఉన్న ముక్క జైలుకు పోయే ముక్క. పార్టీలో పెద్ద నాయకులను ముందు పట్టుకుపోయారు. కృష్ణయ్య గారు సైకిలు మీద మనిషిని పంపాడు. వారం పది రోజుల్లో మీ దాకా వస్తారు, ఏరు దాటి పొమ్మని బావకు చెప్పమన్నాడు.

బాబాయి ఆ కబురు విని తల ఊపాడు. కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు. దొడ్డివైపు గుమ్మంలో నిలబడి పిన్నిని పిలిచాడు.

"రాఘవమ్మా, దీపం దించు."

పిన్నికి అర్థం కాలేదు. నాకు అర్థమై భయం వేసింది. బాబాయిగారూ, పోలీసులు మొదట చూసేది అదేగదండీ, పోయినసారి దొరికింది అక్కడే కదా అన్నాను. తెలుసమ్మా అన్నాడు. ఇంకేమీ అనలేదు. పిన్ని బుడ్డిదీపం వెలిగించి తాడు కట్టి దించింది. మంట ఊగింది గానీ ఆరలేదు. ఆయన నిచ్చెన మీద దిగాడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, మెల్లగా దిగాడు.

తొమ్మిది రోజులున్నాడు. నేను స్కూలుకి పోతూ, వస్తూ చూసేదాన్ని. పిన్ని పాతర పక్కన చేట పెట్టుకుని కూర్చుని ఉండేది. చేటలో ఒకటే కందిపప్పు, తొమ్మిది రోజులూ అదే ఏరింది. మాట్లాడుతూనే ఉండేది. పదేళ్ళ క్రితం బసవమ్మతో తగాదా, తన తల్లి పోయినప్పటి సంగతి, ఏ చెట్టు ఏ ఏడు కాసింది, ఆయన లేని నెలల్లో ఏ రోజు ఏం వండింది. కిందనుంచి ఊఁ అని వినిపించేది. మధ్యలో పేపరు చదివి వినిపించేవాడు. ఆగి ఆగి చదివేవాడు, ఆవిడ చెప్పినట్టే. ఆ తొమ్మిది రోజులూ పిన్ని రోడ్డు దాకా గేదెను తోలలేదు.

పదో రోజు పొద్దున జీపు ఆగింది. కొత్త ఇన్‌స్పెక్టరు. పాత హెడ్డు కానిస్టేబులు మాత్రం ఇంట్లోకి కూడా తొంగిచూడకుండా తిన్నగా దొడ్లోకి దారితీశాడు. పిన్ని వాళ్ళను చూసి లేవబోయింది, ఒళ్ళోంచి పప్పు జారి నేల మీద పడింది. ఇన్‌స్పెక్టరు గోతిలోకి వంగి, వెంకటరత్నం గారూ, రండి అన్నాడు. కాస్త జాలిగానే అన్నాడు. ఇంత తెలిసిన చోట దాక్కునే తెలివితక్కువ మనిషిని అతను అంతకుముందు చూసి ఉండడు.

కిందనుంచి బాబాయి గొంతు నింపాదిగా వచ్చింది.

"వస్తున్నా. కాస్త ఆగండి. ఆవిడ చెప్పేది ఇంకా అయిపోలేదు."

హెడ్డు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు వాచీ వైపు చూసుకుని, చొప్పవామి నీడలోకి జరిగి నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని ఏడుస్తున్నాను. పిన్ని మాత్రం ఏడవలేదు. గోతి అంచున మళ్ళీ కూర్చుని, కిందికి వంగి, తలకొంగు సర్దుకుంది. మాట్లాడబోయి, అంతమంది ఉన్నారని గొంతు తగ్గించింది. ఏం చెప్పిందో మాకు వినపడలేదు. కిందనుంచి ఊఁ అని మాత్రం వినిపించింది.

ఆయన మళ్ళీ ఇంటికి రావడానికి ఏడాది పైన పట్టింది. ఆ లోపు ఒకసారి, చింతపండు గింజలు తీస్తున్నప్పుడు నేను పిన్నిని అడిగాను, ఆ రోజు అంతమంది పోలీసులను నిలబెట్టి బాబాయితో ఏం చెప్పావని. ఆవిడ ఒక గింజ తీసి పక్కన పడేసింది.

"గుర్తులేదు తల్లీ," అంది. "గేదె సంగతే అయి ఉంటుంది."